చిన్న విమానం దిగేటప్పుడు పైలట్ ధ్యాస ఎక్కడ తప్పుతుంది?

మామునూరు ఎయిర్‌పోర్టు మళ్ళీ తెరుస్తారన్న మాట ఓరుగల్లు వాళ్ళు ఏళ్ళ తరబడి వింటున్నదే. 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చాక ఆ మాటకు బలం వచ్చింది. నిజాం కాలంలో 1930లో కట్టి, 1981 దాకా విమానాలు దిగిన ఆ మైదానంలో పాత రన్‌వే పొడవు 1.8 కిలోమీటర్లు. పెద్ద జెట్‌లకు అది చాలదు కాబట్టే భూసేకరణ గొడవంతా. అదే శిక్షణకు వాడే నాలుగు సీట్ల సెస్నా 172కు ఆ పొడవు అవసరానికి నాలుగింతలు. దాని 172ఎస్ మోడల్ చల్లటి రోజున, సముద్ర మట్టం దగ్గర, 50 అడుగుల ఎత్తు నుంచి దిగి పూర్తిగా ఆగడానికి తయారీదారు మాన్యువల్ ప్రకారం కావలసింది 1,335 అడుగులు, అంటే 407 మీటర్లు.

ఇంత చోటు ఉన్న చోట కూడా చిన్న విమానాలు రన్‌వే చివర దాటి పొలంలోకి పోతాయి, పక్కకు జారతాయి, ముందు చక్రం విరిగి ముక్కు నేలకు కొట్టుకుంటాయి. సొంతంగానో శిక్షణ కోసమో ఎగిరే చిన్న విమానాల ప్రమాదాల లెక్కలు అమెరికాలో వివరంగా ఉంటాయి. వాటి ప్రకారం సుమారు నాలుగింట మూడు వంతులు పైలట్ వైపు నుంచి వచ్చినవే, వాటిలోనూ సంఖ్యలో ల్యాండింగ్‌వే ఎక్కువ. అప్పటికి వేగం తక్కువ కాబట్టి ప్రాణాలు పోయేవి తక్కువే. విమానం మాత్రం షెడ్డుకు పోతుంది, ఒక్కోసారి మళ్ళీ బయటికి రాదు.

పేపర్లో ‘పైలట్ తప్పిదం’ అని ఒక్క ముక్కలో రాసేస్తారు. ఆ ఒక్క ముక్కలో వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ వాటిని విడదీసి చూపించాడు. చెయ్యాలనుకున్నది ఒకటి, చెయ్యి చేసింది మరొకటి: ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) లివర్ అనుకుని చక్రాల లివర్ లాగడం. చెయ్యాల్సిందే మర్చిపోవడం: చక్రాలు దించకుండా దిగడం. అనుకున్నదే తప్పు కావడం: ఈ గాలిలో దిగొచ్చని లెక్క వేసుకుని దిగడం. తెలిసీ నియమం దాటడం నాలుగోది. వీటి మందులు వేరు వేరు. మర్చిపోయిన మనిషికి ‘జాగ్రత్తగా ఉండు’ అని చెబితే ఉపయోగం లేదు, అతను జాగ్రత్తగా ఉన్నాననే అనుకున్నాడు. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం 13వ అనుబంధం ప్రకారం ప్రమాద దర్యాప్తు ఉద్దేశం నేరం ఎవరిదో తేల్చడం కాదు, ఇంకోసారి జరగకుండా చూడటం. మన దేశంలో ఈ పని చేసేది 2012లో ఏర్పడిన విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో.

ల్యాండింగ్‌లోనే ఎందుకు ఇన్ని తప్పులు? పనులన్నీ అక్కడికి వచ్చి మీద పడతాయి కాబట్టి. చిన్న విమానం రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంలా ఒక సర్క్యూట్ తిరిగి దిగుతుంది. నేల నుంచి 1,000 అడుగుల ఎత్తున రన్‌వేకు సమాంతరంగా పోయే భాగం డౌన్‌విండ్, అడ్డంగా తిరిగింది బేస్, రన్‌వేకు ఎదురుగా వచ్చింది ఫైనల్. డౌన్‌విండ్ నుంచి నేల తాకేదాకా పట్టేది నాలుగైదు నిమిషాలే. అందులోనే వేగం తగ్గించాలి, ఫ్లాప్స్ దశలవారీగా దించాలి, ట్రిమ్ (ముక్కును ఒక తీరున నిలిపి ఉంచే సర్దుబాటు) సరిచెయ్యాలి, రేడియోలో తన స్థానం చెప్పాలి, ముందున్న విమానం ఎక్కడుందో వెతకాలి, గాలి ఎటు తోస్తుందో కనిపెట్టాలి. 500 అడుగుల నుంచి నేలకు నిమిషం, మహా అయితే నిమిషంన్నర. 65 నాట్ల వేగంలో విమానం సెకనుకు 33 మీటర్లు పోతుంది. పక్క సీటులో జారిన పెన్ను కోసం రెండు సెకన్లు తల వంచితే 66 మీటర్లు చూడకుండా పోయినట్టే.

నాసా ఏమ్స్ కేంద్రంలో కీ డిస్ముక్స్ బృందం కాక్‌పిట్ అంతరాయాల మీద చాలాకాలం పనిచేసింది. పైలట్లు స్వయంగా రాసి పంపిన నివేదికలు చదివితే వాళ్ళకు కనిపించినది ఇది: ధ్యాస తప్పించేవి చాలావరకు మామూలు సంగతులే. మాటలు, చెక్‌లిస్ట్ కాగితం, కంప్యూటర్‌లో అంకెలు కొట్టడం, వేరే విమానం కోసం కిటికీలోంచి వెతకడం. అలవాటైన పని ఒక వరసలో నడుస్తుంది, ఒకటి చేస్తే తర్వాతది దానంతట అదే గుర్తొస్తుంది. మధ్యలో రేడియో పలికితే వరస తెగుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు లెక్కపెట్టే గుమాస్తాను మధ్యలో పలకరిస్తే లెక్క తప్పిందని అతనికి తెలుస్తుంది, మళ్ళీ మొదలుపెడతాడు. పైలట్‌కు లెక్క తప్పినట్టే తెలియదు. రేడియోలో జవాబు చెప్పి తిరిగి చూసేసరికి విమానం బేస్‌లో ఉంటుంది, బేస్‌లో చేసే పనులు కళ్ళముందు ఉంటాయి. డౌన్‌విండ్‌లో వదిలేసిన పనిని గుర్తుచేసేది అక్కడ ఏదీ ఉండదు. బాగా అనుభవం ఉన్నవాళ్ళూ దీనికి దొరికేది ఇందుకే. పని ఎంత అలవాటైతే అంతగా ఆ వరస మీదే ఆధారపడతాం.

చక్రాలు ముడుచుకునే విమానాల్లో ఇది కంటికి కనబడేంత స్పష్టంగా బయటపడుతుంది. చక్రాలు దించకుండా త్రాటిల్ (ఇంజిన్ శక్తిని నడిపే మీట) బాగా తగ్గిస్తే హారన్ మోగుతుంది, చక్రాలు దిగి తాళం పడితే మూడు పచ్చ లైట్లు వెలుగుతాయి. అయినా పొట్ట మీద దిగిన విమానాలెన్నో. కంట్రోలర్‌తో మాట్లాడుతున్న పైలట్ మైకులోంచి వెనకాల హారన్ మోత వినబడుతూనే ఉంటుంది, అతనికి మాత్రం వినబడదు. చెవి పనిచేస్తుంది, మనసే ఖాళీగా లేదు. శిక్షణలో స్టాల్ హారన్ (వేగం మరీ తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి దగ్గరపడితే మోగేది) రోజుకు పదిసార్లు విని అలవాటైన వాళ్ళకు ఏ హారన్ దేనిదో విడిగా పోల్చుకోవడం ఇంకా కష్టం.

దీనికి పెద్ద విమానాల చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీలో దిగబోతున్న ఈస్టర్న్ 401 విమానంలో ముందు చక్రం లైటు వెలగలేదు. 2,000 అడుగుల దగ్గర ఆటోపైలట్‌కు అప్పగించి సిబ్బంది అంతా ఆ బల్బు మీద పడ్డారు. ఆటోపైలట్ ఎత్తు పట్టి ఉంచడం మానేసిన సంగతి ఎవరూ చూడలేదు. విమానం మెల్లగా దిగి చిత్తడి నేలలో కూలి 101 మంది చనిపోయారు. చక్రం దిగే ఉంది, బల్బే మాడిపోయింది. రెండేళ్ళకు, 1974 సెప్టెంబర్‌లో, షార్లెట్ దగ్గర ఈస్టర్న్ 212 దిగుతూ కూలింది. అప్పుడు కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని కబుర్లు నడుస్తున్నాయి. ఇలాంటివి చూశాకే 1981లో అమెరికా 10,000 అడుగుల లోపల ఎయిర్‌లైన్ కాక్‌పిట్‌లో అనవసర సంభాషణ నిషేధించింది.

సెస్నా 172లో కోపైలట్ ఉండడు, పక్క సీట్లో ఉండేది తమ్ముడో స్నేహితుడో. వాళ్ళు ఫోన్‌తో వీడియో తీస్తూ ‘అన్నా, అదేనా భద్రకాళి చెరువు?’ అని అడుగుతారు. అడగడం వాళ్ళ తప్పు కాదు, ముందే చెప్పకపోవడం పైలట్ తప్పు. నేల మీదే చెప్పాలి: సర్క్యూట్‌లోకి వచ్చాక మాటలు వద్దు, పక్షి గానీ ఇంకో విమానం గానీ కనబడితే మాత్రం వెంటనే చెప్పు. ఆ రెండో ముక్క కూడా ముఖ్యం. చెరువులున్న ఊళ్ళలో కొంగలు, గద్దలు, ఊరి చుట్టూ పొలాలుంటే నెమళ్ళు ఉంటాయి. కంచె సరిగ్గా లేని ఎయిర్‌స్ట్రిప్ మీదికి కుక్కలు, బర్రెలు వస్తాయి. ఇంకో జత కళ్ళు అక్కరకొస్తాయి.

తలుపు సంగతి విడిగా చెప్పాలి. చిన్న విమానాల తలుపు గొళ్ళెం సరిగ్గా పడకపోతే గాల్లో కొంచెం తెరుచుకుంటుంది. పెద్ద చప్పుడు, హోరున గాలి, కాగితాలు ఎగిరిపోవడం. విమానం మాత్రం ఎగురుతూనే ఉంటుంది, గాలి ఒత్తిడికి తలుపు కొన్ని అంగుళాలకు మించి తెరుచుకోదు. ప్రమాదం జరిగేది పైలట్ ఒక చేత్తో తలుపు లాగుతూ వేగం మర్చిపోయినప్పుడు. మామూలుగా సర్క్యూట్ తిరిగి, దిగి, ఆగాక మూసుకుంటే సరిపోతుంది.

ఇక ప్రాణాల మీదికి తెచ్చే చోటు బేస్ నుంచి ఫైనల్‌కు తిరిగే మలుపు. బేస్‌లో గాలి వెనకనుంచి తోస్తుంటే విమానం నేల మీద అనుకున్నదానికంటే వేగంగా కదులుతుంది. అదే సమయంలో పైలట్ ముందున్న విమానాన్ని వెతుకుతూ ఉంటే మలుపు ఆలస్యమవుతుంది, రన్‌వే వరస దాటిపోతుంది. సరిచెయ్యడానికి బాగా వంచి తిప్పాలి. నేల దగ్గర అంత వంపు చూసి భయమేసి వంపు ఆపుతాడు, ముక్కును మాత్రం లోపలివైపు రడ్డర్‌తో (కాలితో తొక్కితే ముక్కును పక్కకు తిప్పే తోక పలక) నెడతాడు. ముక్కు కిందికి జారుతుంటే స్టిక్ (ముక్కును పైకీ కిందికీ నడిపే చేతి కంట్రోల్) వెనక్కి లాగుతాడు. ఈ మూడూ కలిస్తే లోపలి రెక్క ముందు స్టాల్ అయి విమానం స్పిన్‌లోకి, అంటే గిరగిరా తిరుగుతూ కింద పడటంలోకి, పోతుంది. 500 అడుగుల్లో దాన్నుంచి బయటపడే ఎత్తు ఉండదు. లెక్క చూడండి: ఫ్లాప్స్ లేకుండా 172ఎస్ నేరుగా ఎగురుతూ 48 నాట్ల దగ్గర స్టాల్ అవుతుంది. ఎత్తు పోకుండా 30 డిగ్రీలు వంచి తిరిగితే ఆ వేగం 7 శాతం పెరుగుతుంది, 45 డిగ్రీలకు 19 శాతం, 60 డిగ్రీలకు 41 శాతం. అంటే 60 డిగ్రీల దగ్గర 68 నాట్లు. వేగం మీటరు 65 చూపిస్తుంటే పైలట్ నిశ్చింతగానే ఉంటాడు. సర్క్యూట్‌లో 30 డిగ్రీలకు మించి వంచకూడదనే నియమం ఇందుకే. వరస దాటిపోతే పోనివ్వాలి, త్రాటిల్ తోసి ఇంకో సర్క్యూట్ తిరగాలి.

మన ఎండల పాత్ర ఇక్కడ చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. వరంగల్ నేల ఎత్తు సముద్ర మట్టానికి 900 అడుగుల దరిదాపు. మే నెలలో 43 డిగ్రీల మధ్యాహ్నం గాలి ఎంత పలచబడుతుందంటే విమానానికి అది 4,500 అడుగుల ఎత్తున ఎగిరినట్టు. మీటర్లో అదే 65 నాట్లు ఉన్నా గాలిలో అసలు వేగం 69కి పైనే. నేల మీదికి దాదాపు 7 శాతం ఎక్కువ వేగంతో వస్తాం, ఆగడానికి సుమారు 14 శాతం ఎక్కువ దూరం పడుతుంది. నేల జోరుగా వెనక్కి పోతున్నట్టు కనబడి ‘వేగం ఎక్కువైంది’ అనిపిస్తుంది, కంటిని నమ్మి వేగం తగ్గిస్తే స్టాల్ దగ్గరికి పోతాం. కాబట్టి మీటర్నే నమ్మాలి, అదనపు దూరాన్ని ముందే లెక్కలో పెట్టుకోవాలి. ఇక సాయంత్రం ఉరుముల ముందు వచ్చే గాలిదుమారంలో గాలి 10 నుంచి 20 నాట్లకు ఎగబాకుతుంటే ఆ తేడాలో సగం, అంటే 5 నాట్లు, వేగానికి కలుపుకోవాలి. పక్కగాలి అంచనాకు ఒక సులువు: గాలి రన్‌వేకు 30 డిగ్రీలు పక్కగా వస్తే దాని బలంలో సగం, 45 అయితే 0.7 వంతు, 60 దాటితే దాదాపు మొత్తం పక్కగాలే. 172కు తయారీదారు పరీక్షించి చూపిన పక్కగాలి 15 నాట్లు, అదే కంపెనీ రెండు సీట్ల 152కు 12.

ఎత్తు మీటరు విషయంలోనూ అలవాటు మోసం చేస్తుంది. బేగంపేట నేల ఎత్తు సుమారు 1,740 అడుగులు, అక్కడ సర్క్యూట్ తిరిగేటప్పుడు మీటర్లో 2,700 దాటి ఉంటుంది. మామునూరు లాంటి చోట అదే సర్క్యూట్ 1,900. ఒక అంకెకు అలవాటు పడిన విద్యార్థి కొత్త చోటికి వస్తే పాత అంకె పట్టుకునే ఉంటాడు, దిగాల్సిన కోణం చెడుతుంది. ఎత్తు మీటర్లో పెట్టాల్సిన గాలి పీడనం అంకె ఇంకో చిక్కు: మన దగ్గర వానాకాలం మొదట్లో అది 1000 హెక్టోపాస్కల్స్ దాకా పడిపోతుంది. మీటరు ప్రామాణిక అంకె 1013 మీదే వదిలేస్తే ఒక్కో హెక్టోపాస్కల్‌కు 27, 28 అడుగుల చొప్పున అసలు కంటే 350 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. రేడియోలో కంట్రోలర్ చెప్పిన అంకెను తిరిగి పలికి, మీటరు తిప్పడం మర్చిపోవడం ఇంతకుముందు చెప్పిన తెగిన వరసే.

152, పాత 172లు నడిపేవాళ్ళకు ఇంకో చిక్కు కార్బ్యురేటర్ (గాలినీ ఇంధనాన్నీ కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) మంచు. ‘ఇంత వేడిలో మంచేమిటి’ అనుకుంటారు. త్రాటిల్ తగ్గించినప్పుడు కార్బ్యురేటర్ గొంతులో ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోతుంది, వానాకాలపు తేమగాలి 25 డిగ్రీలున్నా లోపల మంచు కడుతుంది. అందుకే త్రాటిల్ తగ్గించే ముందే కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కు వేడి గాలి పంపే మీట) లాగాలి. 172ఎస్ ఇంజిన్‌కు కార్బ్యురేటరే లేదు. ఆ విమానం మీద నేర్చుకుని 152 ఎక్కినవాళ్ళు ఈ పని మర్చిపోతారు.

రన్‌వే మీదికి వచ్చాక జరిగేవి చాలావరకు వేగం వల్లే. ఆగే దూరం వేగం వర్గంతో పెరుగుతుంది, 10 శాతం ఎక్కువైతే 21 శాతం దూరం. రెక్కల పొడవులో సగం ఎత్తుకు, అంటే అయిదారు మీటర్లకు దిగాక గాలి నిరోధం తగ్గి విమానం తేలుతూ పోతుంది. పైలట్‌కు ఓపిక తగ్గి చక్రాలను బలవంతంగా నేలకు దించుతాడు. ముందు చక్రం మొదట తగిలి ముక్కు పైకి లేస్తుంది, విమానం మళ్ళీ గాల్లోకి లేస్తుంది. అతను స్టిక్ ముందుకు తోస్తాడు, ఆ తోపు అర సెకను ఆలస్యంగా పనిచేసి ముక్కు ఇంకా బలంగా తగులుతుంది. ప్రతి ఎగురూ ముందుదానికంటే పెద్దది, మూడోదానికి ముందు చక్రం విరుగుతుంది. ప్రొపెల్లర్‌కూ నేలకూ మధ్య ఖాళీ అడుగు లోపే కాబట్టి ప్రొపెల్లర్ రెక్కలు నేలను కొడతాయి. ప్రొపెల్లర్ ఒక్కటి మారిస్తే చాలదు, అలా అకస్మాత్తుగా ఆగిన ఇంజిన్‌ను మొత్తం విప్పి క్రాంక్‌షాఫ్ట్ చూడాలి. మొదటి ఎగురు చిన్నదైతే ముక్కు స్థిరంగా పట్టుకుని కొంచెం త్రాటిల్ ఇచ్చి మెల్లగా దించొచ్చు. రెండో ఎగురు వచ్చిందంటే గో-అరౌండ్ తప్ప వేరే దారి లేదు.

గో-అరౌండ్ అంటే దిగడం మానుకుని మళ్ళీ పైకి లేవడం. చాలా ప్రమాదాల దర్యాప్తులో చివరికి తేలేది ఇదే: చెయ్యొచ్చు, చెయ్యలేదు. రన్‌వే ఎదురుగా కనబడుతుంటే, ఇంకొంచెం సర్దుకుంటే సరిపోతుందని మనసు ఒప్పిస్తుంది. 2010 మే 22న మంగళూరులో కూలిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం విషయంలో ఫస్ట్ ఆఫీసర్ గో-అరౌండ్ అని చెప్పినా కెప్టెన్ దిగాడు. 8,000 అడుగుల రన్‌వేలో చక్రాలు తాకింది మొదటి నుంచి 5,200 అడుగుల దగ్గర. 158 మంది పోయారు. చిన్న విమానంలో ‘వద్దు’ అని చెప్పే రెండో మనిషి కూడా లేడు కాబట్టి నిర్ణయాన్ని ముందే తీసుకుని పెట్టుకోవాలి. నేల నుంచి 500 అడుగుల దగ్గర నాలుగు ప్రశ్నలు: రన్‌వేకు ఎదురుగా ఉన్నానా, వేగం అనుకున్న అంకెకు 5 నాట్ల లోపు తేడాతో ఉందా, ఫ్లాప్స్ దించానా, చెక్‌లిస్ట్ పూర్తయిందా? ఏ ఒక్కదానికి ‘లేదు’ వచ్చినా త్రాటిల్ పూర్తిగా ముందుకు. రన్‌వే మొదటి మూడో వంతులో చక్రాలు తాకకపోయినా అదే. ప్రతిసారీ అలాగే చేస్తే ఆ క్షణంలో ఆలోచించాల్సిన పని ఉండదు.

గో-అరౌండ్‌లోనూ తప్పులున్నాయి, సాధన చెయ్యనివాళ్ళు అక్కడే దొరికిపోతారు. దిగడానికి ముక్కు ఎత్తి ట్రిమ్ చేసిన విమానానికి ఒక్కసారిగా పూర్తి శక్తి ఇస్తే ముక్కు జోరుగా పైకి లేస్తుంది, ఎడమకు తిరుగుతుంది. స్టిక్ బలంగా ముందుకు తోసి పట్టుకోవాలి, కుడి రడ్డర్ తొక్కాలి. 172ఎస్‌లో ఫ్లాప్స్ మొదట 20 డిగ్రీలకు, 60 నాట్లతో పైకి పోతున్నామని తేలాక 10, తర్వాత పూర్తిగా. కంగారులో అన్నీ ఒక్కసారి ఎత్తేస్తే లిఫ్ట్ (విమానాన్ని పైకి ఎత్తి ఉంచే రెక్కల బలం) పోయి విమానం కిందికి జారుతుంది. రేడియోలో చెప్పడం అన్నిటికంటే చివర. కంట్రోలర్‌కు విమానం కనబడుతూనే ఉంటుంది.

చెక్‌లిస్ట్ మధ్యలో ఎవరు పిలిచినా, తర్వాత ఆగిన చోటు నుంచి కాకుండా మొదటి నుంచి చదవాలి. ప్రతి అంశాన్నీ వేలితో తాకి పైకి పలకాలి. కంట్రోలర్ అడిగితే ‘స్టాండ్ బై’ అనే హక్కు పైలట్‌కు ఉంది, విద్యార్థులు దాన్ని వాడరు. పెద్దాయన పిలుస్తుంటే ఆగమనడం మర్యాద కాదనుకుంటారు. ఈ జంకు పోగొట్టడం ఇన్‌స్ట్రక్టర్ల బాధ్యత. విద్యార్థి బేస్‌లో ఉండగా ప్రశ్నలడిగే అలవాటు వాళ్ళూ మానుకోవాలి, లేదా ధ్యాస పరీక్షించడానికే కావాలని అడిగితే దిగాక ఆ సంగతి చెప్పాలి.

చక్రాలు తాకాక పని అయిపోయిందనిపించే క్షణం ఇంకొకటి ఉంది. 1943లో అమెరికా వైమానిక దళం ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తను ఒక చిక్కు విప్పమంది: బి-17 బాంబర్ పైలట్లు క్షేమంగా దిగాక ఫ్లాప్స్ బదులు చక్రాలు ఎందుకు ముడుస్తున్నారు? అతను కాక్‌పిట్ చూశాడు. రెండు మీటలూ ఒకేలా, పక్కపక్కనే ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీటకు రెక్క ఆకారపు ముక్క తగిలించమన్నాడు. చేతికి తగిలితేనే తెలిసిపోయేలా చేశాక ఆ తప్పు దాదాపు పోయింది. ఆ ఆకారాలు ఇప్పటి విమానాల్లోనూ ఉన్నాయి. చక్రాల స్తంభం మీద బరువు పడితే ముడుచుకోకుండా ఆపే స్విచ్ కూడా చాలా విమానాల్లో ఉంది, కానీ రన్‌వే మీద ఇంకా వేగంగా పోతూ రెక్కలు సగం బరువు మోస్తున్నప్పుడు అది సరిగ్గా నొక్కుకోదు. అందువల్ల ముడుచుకునే చక్రాలున్న విమానంలో రన్‌వే వదిలి, దాని హద్దు గీత అవతల పూర్తిగా ఆగి, ‘ఫ్లాప్స్’ అని పైకి పలికి, మీట ఆకారం వేళ్ళకు తెలిశాకే కదపాలి.